చెంబు తొణకని సాక్సులు

నా చిన్నప్పుడు నున్నటి నేల కనబడితే చాలు, జారి ఆడుకునేదాన్ని. ఇప్పుడు అలాంటి నేలే నన్ను భయపెడుతోంది. ఎచ్చెర్లలో మేం అద్దెకుంటున్న ఇంట్లో అన్ని గదులకూ తెల్లటి టైల్సే. వచ్చినవాళ్లు అద్దంలా ఉందని మెచ్చుకుంటారు. నెలల పాపను ఎత్తుకుని ఆ అద్దం మీద రోజంతా తిరగాల్సింది మాత్రం నేను. వట్టికాళ్లతో తిరిగితే మా అత్త ఊరుకోదు, బాలింత ఒంటికి చలి పడుతుందంటుంది. చెప్పులేమో గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఇక మిగిలినవి సాక్సులు. కిందటి నెల ఆ సాక్సులతోనే వంటగది గుమ్మం దగ్గర కాలు జారింది. భుజం తలుపుకి కొట్టుకోబట్టి ఆగాను. చేతుల్లో ఉన్న పాపకి మెలకువ కూడా రాలేదు. నాకే అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో వేసుకునే మంచి సాక్సుల కోసం నేను పడుతున్న పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. ఫోన్లో చూసి తెప్పించిన మొదటి జత మెత్తగా ఉంది కానీ టైల్సు మీద సబ్బుముక్కలా పోతోంది. రెండో జతకి అడుగున రబ్బరు చుక్కలున్నాయి. అవి జారలేదు. కాకపోతే పైన ఉన్న ఎలాస్టిక్ చీలమండని కొరికి, సాయంత్రానికి ఎర్రటి వాత మిగిల్చింది. ఫ్రీ సైజు అని రాశారు, ఎవరి కాలికి ఫ్రీయో తెలియదు. మూడో జత లోపలంతా బొచ్చు, ఎలుగుబంటి పాదాల్లా ఉన్నాయి. మన సముద్రపు ఉక్కలో కాసేపటికే చెమట పట్టి, సాక్సు నేల మీద నిలిచినా కాలు సాక్సులో జారుతోంది. సూపర్, చాలా సుఖంగా ఉన్నాయి అని వాటి కింద రాసినవాళ్లలో ఒక్కరైనా పసిపిల్లను ఎత్తుకుని నడిచారా అని నాకు ఒళ్లు మండింది. మా ఆయన చూసి, "సాక్సులకి ఇంత రభసేటి? కాలికి తొడుక్కుంటే అయిపోద్ది కదా" అన్నారు.

ఆ చిరాకులోనే, చీపురుపల్లిలో మా అమ్మమ్మ చేసిన పని గుర్తొచ్చింది.

అప్పుడు మా పిన్ని పురిటికి వచ్చి ఉంది. తమ్ముడు పుట్టాడు. ఆ ఏడాదే మా తాతయ్య హాలుకి మొజాయిక్ వేయించి మెరుగు పెట్టించారు. పిల్లాణ్ని చూడడానికి వచ్చినవాళ్లు ముందు నేలని చూసి, తర్వాత పిల్లాణ్ని చూసేవారు. బాలింత పాదం నేలకి తగలకూడదని అమ్మమ్మ పట్టుదల. అందుకని తాతయ్య బజారు నుంచి తెల్లటి నైలాన్ సాక్సులు తెచ్చారు, బడిపిల్లలు వేసుకునేవే. నాకు పండగైపోయింది. అందులో ఒక జత తొడుక్కుని, వసారా నుంచి పరుగెత్తుకొచ్చి, రైలు కూత కూస్తూ హాలు చివరిదాకా జారేదాన్ని.

పిన్ని కూడా జారింది. మంచం దిగి రెండడుగులు వేసిందో లేదో కాలు ముందుకి పోయింది, మంచం కోడు పట్టుకుని నిలబడింది. చేతిలో పిల్లాడు లేడు, అదే అదృష్టం. ఆ తర్వాత పిన్ని దిగడం మానేసింది. మంచినీళ్లకీ పిలుపే, పిల్లాడు ఏడ్చినా పిలుపే. ఒకరోజు ఏడుపు గొంతుతో, "నన్నీ మంచానికే కట్టేసీండి, మీకూ గొడవొదిలిపోద్ది" అంది.

అమ్మమ్మ ఓదార్చలేదు. తాతయ్య పాత నూలు సాక్సులు తీసి, పై ఎలాస్టిక్ అక్కడక్కడ కత్తిరించి వదులు చేసింది. జారిపోకుండా కట్టుకోవడానికి పాత చీర అంచు కుట్టింది. పనికిరాని సైకిల్ ట్యూబుని ఆకుల్లా కోసి, మడమ కిందా వేళ్ల కిందా దబ్బనంతో కుట్టేసింది. పిన్ని వాటిని చూసి ముక్కు చిట్లించింది. "ఇయ్యేటమ్మా, కప్పల్లాగ! రేపు మా అత్తోళ్లు వస్తన్నారు, సూసి నవ్వరా? తెల్లవే మెత్తగున్నాయి, నాకయ్యే సుఖం" అంది.

అమ్మమ్మ వాదించకుండా నన్ను పిలిచింది. "ఒసే గుంటా, జారడం నీకు సరదా కదా, ఇలా రా." ఇత్తడి చెంబు నిండా, అంచుదాకా నీళ్లు పోసి, చుట్టూ తువ్వాలు చుట్టి, పిల్లాణ్ని ఇచ్చినట్టే నా చేతుల్లో పెట్టింది. "ఇదే మీ తమ్ముడనుకో. ఈ గోడ కాడి నుంచి ఆ గోడ కాడికి తీసికెల్లు. నీళ్లొలికితే తమ్ముణ్ని పడీసినట్టే."

నా కాళ్లకి తెల్ల సాక్సులే ఉన్నాయి. అంతవరకూ నాకెంతో ఇష్టమైన నేల అది. చేతిలో చెంబు పడగానే ఎక్కడలేని గుబులు పట్టుకుంది. తల ఎత్తలేకపోయాను. వేళ్లు బిగబట్టి, కాళ్లకేసే చూసుకుంటూ సగం దూరం వెళ్లానో లేదో మడమ జారింది. గౌను తడిసిపోయింది. మంచం మీద పిన్ని "అయ్యో" అంటూ పక్కనున్న పిల్లాడి మీద చెయ్యి వేసింది.

అమ్మమ్మ నేల పొడిగా తుడిచి, మళ్లీ చెంబు నింపి, ఆ కప్పల్ని నా కాళ్లకి కట్టింది. నాకవి ఎంతో పెద్దవి. మొదటి అడుగులు బరువుగా పడ్డాయి. తర్వాత కాళ్ల సంగతి ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు. గోడ చేరేసరికి చెంబు అంచున నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఇందాక ఏటి సూస్తూ నడిసావే?" అని అడిగింది అమ్మమ్మ.

"కాళ్లు."

"ఇప్పుడో?"

"చెంబు."

పిన్ని మంచం మీంచి కాళ్లు కిందికి చాపి, "కట్టు" అంది. అమ్మమ్మ వదలలేదు, "కప్పలు కదే?" అంది. "కప్పలే. బేగి కట్టు" అంది పిన్ని. మర్నాడు తనే తమ్ముణ్ని ఎత్తుకుని హాల్లోకి వచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆవిడ పిల్లాడి ముక్కు ఎవరి పోలికో తేల్చే పనిలో పడింది గానీ, పిన్ని కాళ్లకేసి చూడనేలేదు.

ఇన్నేళ్ల తర్వాత, కొన్న ప్రతి జతనీ మంచం అంచున కూర్చుని తొడుక్కుని, మెత్తగా ఉందా లేదా అని చూస్తున్నాను. కూర్చున్న కాలికి ఏదైనా సుఖమే. ఈ మాత్రం ఎప్పుడో తెలిసినదాన్నే, భుజం కొట్టుకుని, మూడు జతలు కొంటే గానీ మళ్లీ గుర్తురాలేదు. అదీ నా చిరాకు.

ఇవాళ పొద్దున్న స్టీలు చెంబు నింపి, పాప తువ్వాలు చుట్టి, ఒక్కో జతా తొడుక్కుని హాల్లో నడిచాను. మొదటి జతతో నీళ్లు నేల మీద, బొచ్చువాటితో నా చీర మీద. మా అత్త వచ్చి చూసి, "ఏటే ఇది, నీళ్లకి జోల పాడతన్నావేటి?" అంది. సంగతి చెప్పి, రబ్బరు చుక్కల జత ఎలాస్టిక్ని కత్తెరతో నాలుగు చోట్ల కోసేశాను. "కొత్తయ్యి కోసేసావా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. కానీ పాత చీర అంచు తెచ్చి, చీలమండల దగ్గర వదులుగా కట్టింది కూడా ఆవిడే. ఈసారి చుక్క ఒలకలేదు. అత్త చెంబు అందుకుని, పాపను నా చేతుల్లో పెట్టింది.

ఇక మీదట ఏ వస్తువు ఇంటికొచ్చినా అమ్మమ్మ ప్రశ్నే చెవిలో వినబడేలా ఉంది, ఏటి చూస్తూ నడుస్తున్నావని. పాప నా గొలుసు పట్టుకుని లాగుతూ ఏదో ఊ కొడుతోంది. దానికి జవాబు చెబుతూ, దాని మొహమే చూస్తూ నడిచాను. వంటగది గుమ్మం దాటేశానని వెనకనుంచి అత్త చెబితే గానీ నాకు తెలియలేదు.