ఎవరూ విప్పని మూట

మొగుడంపల్లిలో మా పెద్దమ్మ పోయిందన్న కబురు మొన్న జహీరాబాద్ సంతలో ఒక బంధువు చెప్పాడు. "పొద్దుగాల రొట్టె జేసుకుంటనే ఒరిగింది" అన్నాడు. ఇక మా చర్చి సంఘంలో ప్రశ్నలడిగేదెవరు అనిపించింది ముందు. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

పెద్దమ్మకు చదువు లేదు గాని, ఆరా తీయడంలో పోలీసు పటేలుకు తీసిపోదు. ప్రసంగం మధ్యలో పాస్టరు అయ్యగారిని ఆపి, "నోవహు ఓడల చీమలు గూడ రెండేనా?" అని అడిగేది. నవ్వాపుకోలేక అయ్యగారు వాక్యం మరిచిపోయేవారు. ఏదైనా చదువుతూ ఆగి ఆలోచించడం నాకు ఆమె పెట్టిన భిక్షే.

మా చర్చి ఆడవాళ్లు విసుర్రాయి ముందు కూర్చోగానే పిడికెడు జొన్నలు దేవుని పేర పక్కకు తీసేవారు. ఆదివారం అవన్నీ మూటగట్టి, ప్రార్థన చేసి, దిక్కులేని ఒక అవ్వకు పంపేవారు. అవ్వకు అదే తిండి. మోసేది పెద్దమ్మ. ప్రార్థన చేసిన మూటను దారిలో విప్పకూడదని మా పట్టింపు. అన్నిటిలో వేలు పెట్టే పెద్దమ్మ కూడా దాన్ని విప్పేది కాదు.

ఆ ఏళ్లలో చెరుకు బాగా పండింది. చర్చికి గడ్డి కప్పు పోయి పెంకులొచ్చాయి. పాటలు పెరిగాయి, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు పెరిగాయి. "ప్రార్థన పొడుగైతున్నది, పిడికిలి చిన్నగైతున్నది. గిదేంది?" అంది పెద్దమ్మ ఒకసారి. అందరూ నవ్వారు.

తర్వాత అవ్వకు కడుపునొప్పి పట్టుకుంది. చూడబోయిన పెద్దమ్మ అవ్వ విసురుతున్న జొన్నల్లో చెయ్యి పెట్టింది. సగం పుచ్చులు, సగం పురుగులు. మంచివి మనకు, చెడ్డవి దేవునికి అని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇంటింటా ఒకే ఉపాయం ఎలా తోచిందో నాకిప్పటికీ అంతుపట్టదు. మీకు తెలిస్తే చెప్పండి.

కోతల పండుగనాడు చర్చి ముందు అందరూ బంతికి కూర్చున్నారు. పెద్దమ్మ ఆ వారం మూట విప్పి, జొన్నలు విసిరి, రొట్టెలు చేసి వడ్డించింది. మొదటి ముక్కకే సంఘపెద్ద ఉమ్మేశాడు.

"ఎవరు జేసిన్రు గీ రొట్టెలు? గొడ్లు గూడ ముట్టయి!"

"నేనే జేసిన పెద్దన్నా. జొన్నలు మాత్రం మనందరియి, దేవునికి పెట్టినయే. ఆయన ఎట్ల తింటున్నడో తెలుసుకుందామని."

ఒక్కొక్కరే రొట్టె పక్కకు నెట్టేశారు. బంతి చివర అవ్వ మాత్రం తింటూనే ఉంది. "మంచిగనే ఉన్నయి గద. పారెయ్యకున్రి" అంటూ పక్కవాళ్లు వదిలేసిన ముక్కలు కొంగులో వేసుకుంది.

పెద్దమ్మ పరుగున వెళ్లి ఆ కొంగు పట్టుకుంది. "ఎన్నొద్దుల సంది తింటున్నవ్ అవ్వా గిసొంటియి? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తెచ్చినయే గద బిడ్డా" అంది అవ్వ. "దేవుని పేర వచ్చినయి. వంక బెడతరా?"

ప్రశ్న మీద ప్రశ్న వేసే మనిషి ఆ రోజు ఇంకేమీ అడగలేదు. అవ్వ పక్కన కూలబడి, కొంగులోంచి ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ల నీళ్లు కారుతుంటే నములుతూనే ఉంది. కాసేపటికి సంఘపెద్ద పక్కకు తోసేసిన రొట్టెను మళ్లీ ముందుకు లాక్కున్నాడు. ఆ తర్వాత బంతి పొడుగునా నమిలే చప్పుడే.