అక్క గదిలో చెక్క బీరువా

ఒట్టు పెట్టమంటే పెడతాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఇది నాకు జరిగింది... సీతాఫల్‌మండిలో, మా అన్న ఇంట్లో. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. వానాకాలం.

మా శకుంతలక్క పోయి నెల దాటింది. పెళ్లి చేసుకోలేదు. బడిలో పాఠాలు చెప్పి అన్నను చదివించింది. ఇల్లు అన్న పేరు మీదికి వచ్చాక ఆమెకు మిగిలింది వెనక గది. ఎండ తగలదు. గోడ ఎప్పుడూ చెమ్మే. ఉబ్బసంతో ఆ గదిలోనే పోయింది.

"అక్క బీరువకు మస్తు బూజు పట్టిందే. కావాలంటే తీస్కపో. లేకుంటె పాత సామాన్లోనికి ఇచ్చేస్త," అని అన్న ఫోన్ చేశాడు. ఒళ్లు మండింది. మారేడ్‌పల్లిలో ఆటో ఎక్కి, సాయంత్రానికి అక్కడున్నాను.

గది తలుపు తీయగానే గుప్పుమంది... తడిసిన గోనెసంచీ వాసన. టేకు బీరువా. దాని మీద బూడిద చల్లినట్టు తెల్లటి బూజు. లోపల అక్క చీరల మీద నల్లటి చుక్కలు.

ముక్కుకు కొంగు కట్టుకున్నాను. పొడిగుడ్డతో దులిపితే ఆ పొడంతా గాలిలోకి లేస్తుంది. అందుకే గుడ్డను వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, మెల్లగా తుడిచాను. అరలు, మూలలు, కాళ్లు. వెంటనే పొడిగుడ్డతో తడి అద్దాను. నీళ్లు నల్లబడుతున్న కొద్దీ నాకు కోపం పెరిగింది. ఒక మనిషి ఇన్నేళ్లు పీల్చిన గాలి ఇదా...

వెనక వైపు మాత్రం మిగిలింది. బీరువా గోడకు ఆనుకుని ఉంది. ఎంత తోసినా కదల్లేదు. అన్నను పిలిచాను.

"నడుం నొస్తుందే. రేపు సూద్దాం," అన్నాడు టీవీ ముందు నుంచి.

"అక్కకు సుత గిట్లనే చెప్పినవా అన్నా?"

అన్న టీవీ సౌండు పెంచాడు.

వాన ముంచెత్తింది. తిరిగి పోలేక ముందు గదిలోనే చాప పరుచుకున్నాను. అన్న పక్కనే మంచం మీద. వదిన పుట్టింటికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కాసేపటికి వాన సద్దుమణిగింది... రేకు మీద చినుకులు మాత్రం. టప్... టప్...

అప్పుడు వినిపించింది.

సర్... సర్...

ఆగింది.

మళ్లీ... సర్... సర్...

చెక్క మీద తడిగుడ్డ రుద్దే చప్పుడు. సాయంత్రమంతా ఆ చప్పుడు చేసింది నేనే. పొరపాటు పడను.

ఊపిరి బిగబట్టాను. తర్వాత... దగ్గు. చిన్న దగ్గు. ఇంట్లో వాళ్ల నిద్ర చెడకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నట్టు. అక్క అలాగే దగ్గేది.

"అన్నా... వింటున్నవా?"

మెరుపు మెరిసింది. అన్న కళ్లు తెరిచే ఉన్నాయి.

"పిల్లి," అన్నాడు. "పండుకో."

"పిల్లి దగ్గుతదా?"

దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. నేనూ ముసుగు పెట్టాను. ఇక కళ్లతో ఏమీ చూడలేదు... విన్నదొక్కటే. బరువైనదేదో బండల మీద ఈడ్చిన మోత. గర్ర్... ఒక్కసారి. అంతే.

తెల్లారి వెళ్లి చూస్తే బీరువా గోడకు జానెడు దూరం జరిగి ఉంది. వెనక చెక్క శుభ్రంగా ఉంది. ముట్టుకున్నాను. ఇంకా తడి ఆరలేదు.

ఉండబట్టలేక ఏడ్చాను. బతికున్నప్పుడు ఫోన్లో అక్క ఎన్నిసార్లు చెప్పిందో... "జెర బీరువ జరపరా, గాలాడుతది అంటె, వానికి పుర్సత్ లేదే."

అన్న గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నువ్వే జరిపినవ్ గద?"

"నాకు గంత బలం యాడిదన్నా? రాత్రి నువ్వు లేచినవా?"

"నేనెందుకు లేస్త?" అన్నాడు. నా మొహం చూడలేదు.

హమాలీలతో బీరువా మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రాత్రి గురించి తర్వాత ఎన్నిసార్లు అడిగినా అన్న మాట మార్చేస్తాడు.

వచ్చింది అక్కే అయితే... తమ్ముడు చేయని పని చచ్చాక కూడా ఆమే చేసుకోవలసి వచ్చింది. కాదు, అన్నే లేచాడంటే... ఒక్క తోపుతో అయ్యే పనికి ఆమె పోయేదాకా ఆగాడు.

ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.