రెండే సీట్ల కారు బేరం

మా ఆయన కారు కొంటానన్నప్పుడు నాకు కోపం రాలేదు. రెండే సీట్ల కారు కొంటానన్నప్పుడు వచ్చింది.

గుడివాడలో మాకు రైసు మిల్లుల ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇంట్లో ముగ్గురం: ఆయన, నేను, మా అత్తగారు. బస్సయినా జట్కా అయినా ఆయన పక్కన మా అత్తగారే కూర్చునేవారు. నేను వెనకాల సంచులతో పాటు సర్దుకునేదాన్ని. అలాంటి ఇంటికి వెనక సీటే లేని కారు వస్తే నా చోటు ఎక్కడో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

అదొక్కటే అయితే ఊరుకునేదాన్నేమో. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా మాకు పిల్లలు లేరు. ఆ ఏడాది మా అత్తగారు అన్నం వడ్డిస్తూ పెదపారుపూడి మాట తరచుగా ఎత్తుతుండేవారు. అక్కడ ఆవిడ పినతల్లి మనవరాలు పెళ్ళికి ఎదిగి ఉంది. "ఆ పిల్ల బంగారంరా అబ్బాయ్. ఏ ఇంట అడుగు పెడుతుందో గానీ" అనేవారు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ ఊ అనేవారు కాదు, ఊహూ అనేవారు కాదు. రెండో పెళ్ళి చట్టం ఒప్పుకోదని అప్పటికే అందరికీ తెలుసు. కానీ చట్టానికి మా ఇళ్ళదాకా రావడానికి ఇంకా బస్సు దొరకలేదు. ఆ రెండో సీటు పెదపారుపూడి పిల్లకేనని నాకు గట్టి అనుమానం పట్టుకుంది.

ఆయనకు మాత్రం చిన్నప్పటి సరదాట. పైన గుడ్డ టాపు మడిచేస్తే ఆకాశం కనబడే ఇంగ్లీషు కారు కావాలి. చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు, పాత మోటారు సైకిలు అమ్మగా వచ్చిన డబ్బు. దాంతో కొత్త కారు సంగతి అటుంచి, నాలుగు చక్రాలూ ఒకే వయసువి ఉన్న పాత కారు దొరకడమే గగనం.

మొదటిది చల్లపల్లిలో చూశాం. నన్నెందుకు తీసుకెళ్తున్నారని అడిగితే, "ఇంజను సంగతి నేను చూసుకుంటా, మనిషి సంగతి నువ్వు చూడు" అన్నారు. అందులో నిజం ఉంది. ఆయన ఎవరేం చెప్పినా నమ్మేస్తారు, నేను ఎవరేం చెప్పినా నమ్మను. మా నాన్న ఎడ్ల బేరాల్లో పండిపోయిన మనిషి. పళ్ళూ సుడులూ తరవాత, ముందు అమ్మేవాడు ఎటు నిలబడ్డాడో చూడాలని నాన్న చెబుతుండేవారు. ఎద్దుకి ఎటు లోపం ఉంటే అటే మనిషి అడ్డంగా నిలబడతాడట, తనకే తెలీకుండా.

చల్లపల్లి కారు ధాన్యం వ్యాపారిది. కుంకుమ రంగు వేసి నిగనిగలాడుతోంది. "రండి బావగారూ, రామ్మా చెల్లెమ్మా" అంటూ ఆ వ్యాపారి ఎడమవైపు వెనక చక్రం దగ్గర ఆనుకుని నిలబడ్డాడు. మంచినీళ్ళు అడిగితే అక్కణ్ణుంచే లోపలికి కేకేశాడు. సోడాలు వచ్చినా కదల్లేదు.

"అన్నయ్యగారూ, ఈ ముందు దీపం వంకరగా ఉందేంటండీ? కాస్త ఇటొచ్చి చూడండి" అన్నాను.

అతను ఇటు రాగానే నేను అటు వెళ్ళాను. చక్రం పైరేకు మీద గోరుతో నొక్కితే రంగు కింద లప్పం మెత్తగా దిగిపోయింది. కాళ్ళ కింద పట్టా ఎత్తితే సన్నటి ఒండ్రు కనిపించింది.

"కాలవలో పడిందాండీ?" అన్నాను.

"ములగలేదు చెల్లెమ్మా, తడిసిందంతే" అన్నాడు.

సోడాలు తాగి వచ్చేశాం. బస్సులో మా ఆయన నన్ను తెగ మెచ్చుకున్నారు. ఎనిమిదేళ్ళలో లేని మెప్పు ఇవాళెందుకా అని అదొక అనుమానం.

తరవాతి వారం ఆయన మోకాళ్ళ నొప్పులు చూపించాలంటూ వాళ్ళమ్మని బందరు తీసుకెళ్ళారు. నన్ను రమ్మనలేదు. మా అత్తగారు పెట్టెలోని చీర తీసి మరీ కట్టుకున్నారు. సాయంత్రం మణికట్టు వాచిపోయి తిరిగొచ్చారు. బస్సు దిగుతూ పడ్డానన్నారు. పసుపూ సున్నం వేడి చేసి పట్టు వేస్తూ చూశాను: మందుల చీటీ లేదు, సీసా లేదు, ఒక్క మాత్రయినా లేదు. వీళ్ళు వెళ్ళింది డాక్టరు దగ్గరికి కాదు, పెళ్ళిచూపులకే అనుకున్నాను. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

ఇంకో నాలుగు రోజులకి, బందరులో మంచి కారు ఉందట, చూద్దాం రమ్మన్నారు. కోనేరు సెంటరుకి కాస్త దూరంలో ఒక రిటైరైన డాక్టరు గారి ఇల్లు. చూపు మందగించి నడపలేక అమ్మేస్తున్నారట. ముదురాకుపచ్చ కారు. నేల మీద చాప పరిచినంత ఎత్తులో ఉంది. బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టే ఉంటుందని కింద వంగి మరీ వెతికాను, కనబడలేదు. డాక్టరు గారు వరండాలో కుర్చీలోంచి లేవకుండానే అన్నీ చెప్పేశారు: వెనక టైరు అరిగింది, హారను ఒక్కోసారి పలకదు, టాపు వానకి కారుతుంది. అమ్మేవాడే తన సరుకుని తిట్టుకుంటుంటే ఇంకేం వెతకాలో నాకు తోచలేదు.

అప్పుడు చూశాను. అమ్మే మనిషి కుర్చీలో ఉన్నాడు గానీ, కొనే మనిషి ఒకేచోట అతుక్కుపోయి నిలబడ్డాడు. మా ఆయన ఎడమవైపు తలుపుని వీపుతో మూసేసి, చేతులు కట్టుకుని, గోడ మీది కాకిని చూస్తున్నారు.

"కాస్త తప్పుకోండి" అన్నాను.

"ఇటేం లేదోయ్. ఇంజను చూద్దువు గాని రా."

"ఇంజను మీరు చూసుకుంటానన్నారుగా. తప్పుకోండి."

తప్పుకున్నారు. తలుపు లోపలి పిడి ఊడి, ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది.

"అదా అమ్మా! మొన్న ఆవిడ పట్టుకు లాగితే ఊడొచ్చింది. బాగుచేయిస్తానని చెప్పి నేనే మర్చిపోయా" అన్నారు డాక్టరు గారు.

"ఏ ఆవిడండీ?"

"మీ ఆయనతో వచ్చినావిడ."

నేనెన్నడూ చూడని పెదపారుపూడి పిల్ల జళ్ళో పూలతో ఆ సీట్లో కూర్చున్నట్టే కనబడింది. ఏడుపొచ్చింది, పరాయి ఇంట్లో ఏడవడమెందుకని పళ్ళు బిగబట్టాను.

"పెద్దావిడ, పాపం, మోకాళ్ళు అరిగిపోయినట్టున్నాయి" అంటున్నారు డాక్టరు గారు. "కూర్చోవడమైతే కూర్చున్నారు, లేవలేకపోయారు. ఒరేయ్ అబ్బాయ్, ఇది కారా గొయ్యా అని ఒకటే తిట్లు. నేనో రెక్కా మీ ఆయనో రెక్కా పట్టుకు బయటికి తీశాం. జన్మలో దీంట్లో కాలు పెట్టనని వెళ్ళారు. అయినా మీ ఆయన ఇదే కావాలంటారు, చిత్రం!"

నాకేం చిత్రంగా లేదు. అమ్మ దిగలేనంత పల్లంగా ఉండే కారు ఆయన ఏరి కోరి వెతుక్కున్నారు, నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడానికి. సంతోషం పట్టలేకపోయాను.

"కొనెయ్యండి" అన్నాను.

డబ్బు కట్టి, టాపు మడిచి బయల్దేరాం. పెడన దగ్గర అద్దకం బట్టలు ఆరేస్తున్నవాళ్ళు ఎండకి కళ్ళ మీద చేతులడ్డం పెట్టుకుని మమ్మల్ని చూశారు. పక్కన నేను కూర్చోవాలని అత్తయ్యగారికి నోటితోనే చెబితే పోయేదిగా అన్నాను.

"అమ్మతో వాదించి గెలిచినవాళ్ళెవరే? పెదపారుపూడి సంగతీ అంతే. వద్దంటే రోజూ అడుగుతుంది. నా పక్కన ఒక్కటే చోటు, అందులో నువ్వున్నావని కళ్ళారా చూస్తే ఊరుకుంటుంది."

నిజంగానే ఊరుకున్నారు. కారు ఇంటి ముందు ఆగితే మా అత్తగారు అరుగు మీదికొచ్చి కారునీ నన్నూ చూసి, "బాగుందిరా" అని లోపలికెళ్ళారు. మళ్ళీ పెదపారుపూడి పేరు ఎత్తలేదు. మేం అవనిగడ్డ దాకా, దివిసీమంతా తిరిగొచ్చేవాళ్ళం. బయల్దేరినప్పుడల్లా ఆవిడ అరుగు మీద ఒక్కరే ఉండేవారు. మొదట్లో నాకది గెలుపులాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం కాళ్ళకి నూనె రాస్తుంటే ఆవిడ అడిగారు.

"అమ్మాయ్, నేను అందులోంచి లేవలేనని వాడికి ముందే తెలుసా?"

"అయ్యో, ఆయనకేం తెలుసు అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. నా చేతిలోంచి కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఆ క్షణంలో నాకు ఆయన మీద కొత్త భయం పుట్టింది. కన్నతల్లిని ఒక్క మాట అనకుండా, చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించి, దిగలేవని ఆవిడకే తెలిసేలా చేసిన మనిషి. ఆ మనిషి పక్కన నేను ధీమాగా కూర్చుంటున్నాను. నా మోకాళ్ళు మాత్రం ఎన్నాళ్ళుంటాయి?

ఆ తరవాత ఆయన చాలా బండ్లు మార్చారు. ఏది తెచ్చినా అందరికన్నా ముందు నేనే వెళ్ళి ఒకసారి ఎక్కి దిగేదాన్ని. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగగలిగితేనే, రంగు బాగుందనేదాన్ని.