ఎండుచేప ఈదుతుందా?

పదో తరగతితో చదువు ఆపేసినా, ఏలూరు లైబ్రరీలో సైన్సు పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి నేను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అక్కడే పరిచయమైన తాడేపల్లిగూడెం లెక్చరర్ సుజాతగారు తన పరిశోధన కోసం ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని నాతో తెలుగులో రాయించారు. సైన్సు చదువు మీద పిల్లల ఇష్టాయిష్టాలు తెలుసుకోవడానికి అది; ఒక్కో వాక్యం పక్కన "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను" అన్నవాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. తెలుగు కుదిరిందో లేదో చూద్దామని ఆకివీడు దగ్గర ఒక కొల్లేటి ఊరి బడికి వెళ్లాం.

పిల్లలు నింపిన కాగితాలు చూసి నీరుగారిపోయాను. "సైన్సంటే ఇష్టం" అన్నదానికీ, "సైన్సంటే విసుగు" అన్నదానికీ తరగతి మొత్తం "ఒప్పుకుంటాను" అన్నదానికే టిక్కు పెట్టింది!

"మీ తెలుగు వీళ్లకి అర్థం కాలేదేమోనండీ. ఇలాగైతే నా పరిశోధన ముందుకెళ్లదు," అన్నారు సుజాతగారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ముందు బెంచీలోని అమ్మాయిని అడిగాను. "రెండూ ఎలా ఒప్పుకున్నావమ్మా?"

"మీరు పెద్దోళ్లు కదండీ. మీరు రాసుకొచ్చింది కాదంటే బాగోదు కదండీ!"

నాకొక ఆలోచన తట్టింది. "అయితే వినండి. ఎండుచేపని కొల్లేట్లో వదిలితే మళ్లీ ఈదుతుంది. ఒప్పుకుంటారా?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి లేచి, బెదురుతూనే, "కాదండీ" అంది. అంతే, "కాదండీ! కాదండీ!" అంటూ తరగతంతా హోరెత్తింది.

"మా కాగితంలో ఉన్నదాన్నీ అలాగే కాదనొచ్చు," అని మళ్లీ కొత్తవి పంచాం. ఈసారి ఏ ఇద్దరి జవాబులూ ఒకలా లేవు.

"మీ తెలుగు బాగానే ఉందండీ," అన్నారు సుజాతగారు మెల్లగా.

విన్నదాన్ని ప్రశ్నించడంతోనే సైన్సు మొదలవుతుందని పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. అది మొదలవడం కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే. ఆ "కాదండీ" తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.