పడసాలలో పేషెంటు

బళ్ళారి కంటోన్మెంటులో మేము బాడుగకున్న పాత పెంకుటింట్లో ఒక పెద్ద కుక్క ఉండేది. లాబ్రడారు అనేవాళ్ళు గానీ, ఆ తలకాయ, ఆ ఛాతీ చూస్తే ఇంకేదో పెద్దజాతి కూడా కలిసిందని తెలిసిపోయేది. నలభై రెండు కేజీల బరువు. మా వీధిలో ఒక ఆఫీసరు కుటుంబానికి బదిలీ అయి, కొత్త ఊర్లో మూడో అంతస్తులో ఇల్లు దొరికిందని, రెండేళ్ళ వాణ్ణి నాకు ఒప్పజెప్పి పోయినారు. వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు నా నోట్లో సరిగా తిరిగేది కాదు. మా పక్క మగవాళ్ళందరినీ అప్పా అనే కదా పిలుస్తాం, వాణ్ణి కూడా "రాప్పా, తినప్పా, పండుకోప్పా" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు వాడికి "అప్పా" అనేదే పేరైపోయింది.

నా భార్యకు మాత్రం వాడు "మీ కుక్క". ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రిలో నర్సు, అందులో సగానికి సగం సర్జరీ వార్డులోనే. శుభ్రం అంటే ఆమెకు ప్రాణం. కుక్క పడసాల గడప దాటకూడదని మొదటిరోజే చెప్పింది. ఐదేళ్ళు వాడు ఆ మాట మీరలేదు. గడ్డం గడప మీద ఆనించి, లోపల మేము అన్నం తింటాంటే కళ్ళు మాత్రం తిప్పుతా చూసేవాడు. ఆమె వాణ్ణి తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. ఒక్కసారన్నా ముట్టుకుందీ లేదు.

వాడి మోకాలు చెడిపోయేనాటికి ఆమె రిటైరై ఏడాది కావస్తోంది. తెల్లారకముందే లేచి, స్నానం చేసి, జడ వేసుకుని, డ్యూటీకి పోయేదానిలా తయారయ్యేది. ఆ తర్వాత పోవడానికి చోటు ఉండేది కాదు. వంటింట్లో డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్ళీ అదే వరసలో పెట్టేది. ఆదివారం చర్చికి తప్ప బయటికి వచ్చేది కాదు. ఏమైందని అడిగితే, "ఏమైతాది, బాగానే ఉండా" అనేది. నేను బ్యాంకులో గుమాస్తాగా చేసి ఆమె కంటే ముందే రిటైరైనవాణ్ణి. కొన్నాళ్ళు పోతే అలవాటవుతుందిలే అనుకున్నాను. ఇంకో మాట అడగలేదు.

మా అన్నకు ఎమ్మిగనూరులో పొలం ఉంది. నెలకొకసారి కుక్కను తీసుకుని పోయేవాణ్ణి. ఆ రోజు వరి కోతలు అయిపోయి, మళ్ళు ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. కొంగల గుంపు వాలింది. వాడు గట్టు మీంచి ఒక్క దూకు దూకినాడు. వెనక కుడికాలు నెర్రెలో పడి మెలి తిరిగింది. ఒక్కసారే అరిచినాడు. నేను పోయేలోపల లేచి నిలబడినాడు గానీ, ఆ కాలు కింద పెట్టలేదు. మా అన్న, నేను గోనెపట్ట మీద వాణ్ణి కారు దాకా మోసుకొచ్చినాము.

బళ్ళారిలో పశువుల డాక్టరు కాలు అటూ ఇటూ కదిపి చూసి, ఎక్స్‌రే తీసి, కన్నడంలో "ఇదు నమ్మ కైలి ఆగల్ల సార్" అన్నాడు. తన వల్ల అయ్యే పని కాదని. మోకాలి లోపల ఎముకలు జారకుండా పట్టి ఉంచే నరం తెగిపోయిందంట. ఎముకను కొంచెం కోసి, తిప్పి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలి, బెంగళూరుకు తీసుకుపోండి అన్నాడు. ఇంత బరువైన కుక్కకు ఆపరేషన్ ఒక ఎత్తయితే, ఆ తర్వాత ఎనిమిది వారాలు ఇంట్లో కాపాడుకోవడం ఇంకో ఎత్తని కూడా చెప్పినాడు. దూకకూడదు, పరిగెత్తకూడదు, మెట్లెక్కకూడదు, నున్నటి నేల మీద జారకూడదు.

ఇంటికొచ్చి నా భార్యకు ఇదంతా చెప్పినాను. నిజం చెప్పాలంటే, మాత్రలతో సరిపెడదామని నా మనసులో ఉంది. ఆపరేషన్ చెయ్యకపోతే ఏమవుతుందని అడిగింది. కుంటుతా బతుకుతాడు, బరువంతా పడి రెండో కాలు కూడా పోవచ్చంట అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతా ఏరుతా ఆగింది.

"అయితే చేయించండి. ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు. తర్వాత చూసుకునేదే పని."

ఆ పని ఎవరు చేస్తారో ఆమె చెప్పలేదు. అది నా మీదే పడుతుందనుకున్నాను.

బెంగళూరుకు నేను, బాడుగ కారు డ్రైవరు పోయినాము. ఆ డ్రైవరు మా ఊర్లోనే బ్రూస్‌పేట వైపువాడు, కుక్కలంటే భయం. పోయేటప్పుడు సీటు ముందుకు జరుపుకుని, మెడ బిగబట్టుకుని నడిపినాడు. ఆపరేషన్ అయినాక తిరిగొచ్చేటప్పుడు చిత్రదుర్గం దగ్గర టీకి ఆపినప్పుడు మాత్రం, తన సీసాలో నీళ్ళు అరచేతిలో పోసి "పీలే బేటా" అని తాపించినాడు. కుక్క తొడంతా గొరిగేసి ఉంది, కుట్లు కనిపిస్తున్నాయి. మెడకు ప్లాస్టిక్ గరాటా లాంటిది కట్టి పంపించినారు, కుట్లు నాక్కోకుండా.

సాయంత్రానికి ఇల్లు చేరినాము. వాణ్ణి వరండాలో పండబెడదామని దారంతా లెక్కలేసుకుంటా వచ్చినాను. గేటు దగ్గర నా భార్య నిలబడి ఉంది, కొంగు నడుముకు దోపుకుని. పడసాలలో కుర్చీలన్నీ గోడకు నెట్టేసి ఉన్నాయి. నున్నటి బండల మీద గోనెసంచులు విప్పదీసి, ఒకదానికొకటి కుట్టి, గడప నుంచి మూల దాకా పరిచింది. మూలన మడిచిన బొంత, దాని మీద తెల్ల దుప్పటి, నాలుగు మూలలూ లోపలికి మడిచి, ముడత లేకుండా. ఎదురుగా కూలరు.

"ఈడికి తీసుకురండి" అంది.

"లోపలికా?" అన్నాను.

"పేషెంటును వాకిట్లో పండబెడతారా ఎవరన్నా?"

డ్రైవరు, నేను మోస్తాంటే ఆమె వెనక కాలు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. గడప దగ్గరికి వచ్చేసరికి వాడే బిగుసుకున్నాడు. ఐదేళ్ళ కట్టుబాటు గదా. ఆమె మెల్లగా, "ఏం కాదు, రా" అంది. వాడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

మరుసటి రోజు నుంచి మా ఇల్లు వార్డైపోయింది. ఒక నోటుబుక్కులో గీతలు గీసి, జ్వరం, తిండి, నీళ్ళు, మాత్రలు, విరేచనం అన్నీ టైముతో సహా రాసేది. పాత నూలుచీర నాలుగు మడతలు వేసి, వాడి పొట్ట కింద నుంచి జోలెలాగా తీసి, వెనక బరువంతా తను పట్టుకునేది. ముందు గొలుసు నా చేతిలో. అట్లా పూటకొకసారి పెరట్లోకి. నేను తొందరపడి లాగితే, "వాడెంత నడుస్తాడో అంతే నడవనీండి" అనేది.

మొదటి చిక్కు ఒంటేలుతో వచ్చింది. మనుషులు పొట్ట కింద చీర వేసి పట్టుకుని నిలబడితే వాడికి సిగ్గయింది. రాత్రి పోయలేదు, పొద్దున పోయలేదు, మధ్యాహ్నం దాకా పోయలేదు. నాకు భయమేసి డాక్టరుకు ఫోన్ చేస్తానన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, నన్ను అటు తిరిగి నిలబడమంది. తనూ మొహం పక్కకు తిప్పుకుంది. కాలితో తొట్టి పక్కనున్న కొళాయి మెల్లగా తిప్పింది. సన్నగా నీళ్ళు పడే సద్దు. పది లెక్కపెట్టేలోపల వాడు కూడా మొదలుపెట్టినాడు, ఇంక ఆపడే. ఆపరేషన్ అయినవాళ్ళందరికీ వార్డులో ఇదే మందు అని ఆమె నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. రిటైరైనాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

మాత్రల దగ్గర కూడా వాడు రెండురోజులు మమ్మల్ని ఆడించినాడు. ఇడ్లీలో పెడితే ఇడ్లీ తిని మాత్ర పక్కన పెట్టేవాడు. అరటిపండులో పెట్టినా అంతే. మూడోరోజు ఆమె వాడి ముందర కింద కూర్చుని, రెండు వేళ్ళతో దవడ తెరిచి, మాత్ర నాలుక మీద బాగా వెనక్కి వేసి, నోరు మూసి గొంతు నిమిరింది. గుటుక్కుమని మింగినాడు. మింగినాక కూడా ఆమె చెయ్యి అక్కడే కాసేపు ఉంది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

కాలు మీద బరువు పడకూడదు కాబట్టి వాడి ఒళ్ళు తగ్గించమన్నారు. చిన్న రాగిముద్ద, ఉడకబెట్టిన గుమ్మడికాయ, కొంచెం కోడికూర, ఉప్పూ కారం లేకుండా. వాడు గిన్నె చూసి నా మొహం చూసేవాడు. ఒక పొద్దున నేను బయటి నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెచ్చుకుని, మనసాగక నాలుగు పిడికిళ్ళు పెట్టినాను. గరాటా అంచుకు ఒక పచ్చటి బొరుగు అంటుకుని ఉండిపోయింది. ఆమె దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, విజిటర్లు బయటి తిండి తేకూడదు అంది.

కుట్లు విప్పినాక మోకాలు వంచే పని మొదలైంది. వాణ్ణి పక్కకు పండబెట్టి, ఒక చెయ్యి తొడ మీద, ఒక చెయ్యి మడమ దగ్గర పెట్టి, మెల్లగా వంచి చాపేది. పూటకు పది సార్లు, పదిహేను సార్లు. మధ్యాహ్నం భోజనమైనాక నేను వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. లోపల ఆమె లెక్కపెట్టడం వినిపించేది. లెక్క మధ్యలో వాడితో మాట్లాడేది. మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత్తర్వాత పేపరు ఊరికే చేతిలో ఉండేది.

దేశనూరు నుంచి వచ్చిన ఒక ముసలామె సంగతి చెప్పింది. ఆయమ్మకు తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసినారంట, కానీ కాలు కింద పెట్టాలంటే భయం. పది రోజులు ఈమె మెడ పట్టుకునే నడిచిందంట. ఇంటికి పోయేరోజు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి తెప్పించి ఇచ్చిందంట. "ఆయమ్మ కంటే నీకే తొందరగా నడక వస్తాంది" అని వాడితో అంది. ఇంకోరోజు తన కడపటి డ్యూటీ సంగతి చెప్పింది. దండలేసి, ఫోటోలు తీసినాక, దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చిందంట. ఎంతసేపు ఏడ్చిందో తెలీదంట. బయటికొచ్చేసరికి తన మంచాల వరసలో కొత్త సిస్టరు తిరుగుతాందంట.

ఆ రోజు ఆమెను స్కూటరు మీద ఇంటికి తీసుకొచ్చింది నేనే. దండలు స్కూటరుకు తగిలించింది కూడా నేనే. కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే, దుమ్ము అంది. నేను నమ్మినాను. ఏడాది తర్వాత ఒక కుక్కకు చెప్పుకుంటాంటే వినాల్సి వచ్చింది. లేచి లోపలికి పోవాలనిపించింది. పోతే ఆ మాటలు ఆగిపోతాయని పోలేదు.

ఐదో వారంలో తప్పు చేసింది నేను. పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని గేటు గొళ్ళెం వెయ్యడం మరిచినాను. అప్పటికి వాడు గొలుసు మీద కొంచెం నడుస్తాండాడని, వరండాలో వదిలి మొహం కడుక్కోవడానికి పోయినాను. వీధిలో పందులు పోతాండాయి. గేటు సందులోంచి చూసినాడు. నేను మొహం తుడుచుకుంటా వచ్చేసరికి వాడు మెట్ల మీద ఉన్నాడు, పరుగులో. కింది మెట్టు మీద వెనక కాళ్ళు రెండూ జారి కూలబడినాడు. పొలంలో అరిచిన అరుపే మళ్ళీ విన్నాను.

ఆమె వంటింట్లోంచి ఒట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చింది. కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, మోకాలి చుట్టూ వేళ్ళతో తడిమింది. వాడు ఆ కాలు ముడుచుకుని గడగడ వణుకుతాండాడు.

"గేటు నేనే తెరిచిపెట్టినా" అన్నాను.

ఆమె తడమడం ఆపలేదు. తడమడం అయిపోయినాక అంది:

"నా డ్యూటీలో కూడా ఒక పేషెంటు మంచం మీంచి పడినాడు. ఆపొద్దు నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ మర్చిపోలేదు. పోయి ఐసు తీసుకురండి."

ఐసు గుడ్డలో చుట్టి పెట్టినాము. పది గంటలకు బళ్ళారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాము, ఈసారి ఆమె కూడా వచ్చింది. వాడి తల ఆమె ఒడిలో ఉంది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, ప్లేటు ఉన్నచోటే ఉంది, స్క్రూలు కదల్లేదు, ఒట్టి బెణుకు అన్నాడు. తర్వాత ఆమె తెచ్చిన నోటుబుక్కు తిప్పి చూసినాడు. ఇది ఎవరు రాసినారని అడిగినాడు. ఆమె నేనే సార్ అని లేచి నిలబడింది, రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు ముందర నిలబడినట్లు. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

ఎనిమిది వారాలు నిండినాయి. ఎముక అతుక్కుంది. వాడు నాలుగు కాళ్ళ మీద గేటు దాటిన సాయంత్రం మేమిద్దరం వెంట ఉన్నాము. మొదట పది నిమిషాలు, తర్వాత ఇరవై, తర్వాత గుట్ట దగ్గరి మలుపు దాకా. అంతకుముందు నడకకు నేను, కుక్క మాత్రమే పోయేవాళ్ళం. ఇప్పుడు గొలుసు ఆమె పట్టుకునేది. దారిలో జనం ఆపి కుక్క కాలు గురించి అడిగేవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ కాళ్ళ గురించి. పక్క వీధిలో షుగరు పుండుతో మంచానపడ్డ ఒక పెద్దాయనకు కట్టు కట్టడానికి రమ్మన్నారు. పోయింది. ఇంకో ఇంట్లో బీపీ చూడమన్నారు. పాత డ్యూటీ బ్యాగు అల్మారాలోంచి దిగింది. పొద్దున జడ వేసుకున్నాక పోవడానికి ఆమెకు చోట్లు దొరికినాయి.

గోనెసంచులు తీసేసినాము, కుర్చీలు మళ్ళీ నడుమకు వచ్చినాయి. వాడు మాత్రం మళ్ళీ వరండాలోకి పోలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. ఆమె వాణ్ణి చివరిదాకా పేషెంటు అనే పిలిచింది. పేషెంటు తిన్నాడా, పేషెంటు యాడ పండుకున్నాడు అనేది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగలేదనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

ఇంకో నాలుగేళ్ళు బతికినాడు. పెద్దవాడైపోయి, చెవులు సరిగా వినబడక, ఒక వానాకాలం మధ్యాహ్నం పడసాలలోనే నిద్రలో పోయినాడు. ఎమ్మిగనూరులో మా అన్న పొలం పక్కన, కాలువ గట్టు దగ్గర పూడ్చినాము. పరామర్శకు వచ్చినవాళ్ళు, పాపం కాలు నొప్పి ఏమన్నా మళ్ళీ వచ్చిందా అని అడిగేవాళ్ళు. నా భార్య అందరికీ ఒకే జవాబు చెప్పేది.

"లేదమ్మా, ఆ కాలు చివరిదాకా గట్టిగానే ఉండేది. వయసైపోయింది, అంతే."