మగ్గం దగ్గర టీవీ చూసిపెట్టే మనిషి

పాతబస్తీ శాలిబండలో సుగ్రా ఇంటి ముందుగదిని సగానికి పైగా మగ్గమే మింగేసింది. నాలుగు కర్రల చట్రానికి బట్ట బిగించి, దాని మీద జరీ, పూసలు కుట్టే మగ్గం అది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని తల వంచుకుని కుడుతుంటారు. వాళ్ళకు కాస్త ఎడంగా, గోడకున్న స్మార్ట్ టీవీకి ఎదురుగా, ప్లాస్టిక్ కుర్చీలో నీలమ్మ కూర్చుంటుంది. ఆమె పని టీవీ చూడటం.

వినడానికి నవ్వొస్తుంది గానీ నిజంగా పనే. కుట్టేవాళ్ళు తలెత్తితే సూది తప్పుతుంది. మాటలంటే చెవికి వినబడతాయి. కానీ సీరియల్ అన్నాక సగం కథ మాటల్లో ఉండి చావదు. అత్త కోడలిని చూస్తుంది, కోడలు తోడికోడలిని చూస్తుంది, వెనక ధనధనమని డప్పులు మోగుతాయి, ఒక్కరూ నోరు విప్పరు. అప్పుడు నీలమ్మ విప్పుతుంది.

“పెద్దకోడలు గుమ్మంల నిలవడ్డది. చేతిల ఏదో ఉన్నది, కొంగు కింద దాస్తున్నది. అత్త చూసింది. చూడనట్టు చేస్తున్నది, దొంగముఖంది.”

సగం తెలుగు, సగం దక్కనీ, మధ్యమధ్య తన సొంత తిట్లు. సీరియల్ తీసినవాళ్ళకు కూడా తెలియని సంగతులు నీలమ్మ నోట్లో పుడతాయి. ఆరుగురూ ముసిముసిగా నవ్వుతూ కుడతారు.

నీలమ్మ అంత సాధువేం కాదు. నోరు పెద్దది. లాల్‌దర్వాజాలో ఆమె ఉండే గల్లీలో కుళాయి దగ్గర లొల్లి ఎవరిదైనా అందులో ఆమె గొంతు ఉండాల్సిందే. కానీ చెయ్యి మంచిది. కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే సుగ్రా వాళ్ళ అత్త దగ్గర సూది పట్టింది. ఆ అత్త పోయాక సుగ్రా దగ్గర కుట్టింది. తీగ తిప్పడంలో, ఆకు నింపడంలో ఆమెకు సాటి లేదని సుగ్రాయే అంటుంది. తర్వాత కళ్ళకు ఆపరేషన్ అయింది. దూరం నుంచి బస్సు బోర్డు చదువుతుంది గానీ ముక్కు ముందున్న సూది కనబడదు. అద్దాలు మార్చినా సన్నపని కుదరలేదు. పని అయిపోయింది, ఇక ఇంటికే అనుకుంది. సుగ్రా మాత్రం కుర్చీ తెచ్చి వేసి, “ఊకె కూసోకు అక్కా, టీవీల ఏమైతుందో మాకు చెప్పు” అంది. ఆ ఒక్క మాటకు నీలమ్మ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటుంది. పైకి మాత్రం చాయ్‌లో చక్కెర తక్కువైందని రోజూ తిడుతుంది.

ఒక పొద్దున టీవీ పెట్టగానే సీరియల్ వచ్చే యాప్ తెరుచుకోలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: ఈ టీవీలో ఈ యాప్ ఇక పనిచేయదు. సుగ్రా ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. నీలమ్మ రిమోట్‌ను అరచేతిలో కొట్టింది. అంతకుమించి ఇద్దరికీ తెలిసిన వైద్యం లేదు.

సుగ్రా కొడుకు ఫర్హాన్ అఫ్జల్‌గంజ్‌లో మొబైల్ దుకాణంలో పనిచేస్తాడు. సాయంత్రం వచ్చి అటూ ఇటూ నొక్కి చూసి, పిన్ని వరసపెట్టి పిలిచే నీలమ్మకు చెప్పాడు.

“టీవీ ఖరాబ్ కాలేదు ఖాలా. తెర ఫస్ట్ క్లాస్ ఉన్నది. లోపల సాఫ్ట్‌వేర్ పాతదైంది. కంపెనీ ఈ మోడల్‌కు అప్‌డేట్ బంద్ చేసింది. అప్‌డేట్ లేకుంటే యాప్ వాళ్ళు నడవనియ్యరు.”

“నిన్న నడిచింది గద బేటా. రాత్రికి రాత్రే పాతదైతదా?”

“వాళ్ళు అనుకుంటే అయితది.”

నీలమ్మ ఆ కంపెనీని ఏడు తరాల దాకా తిట్టింది. కంపెనీకి వినబడలేదు.

మర్నాడు ఆడవాళ్ళు ఫోన్లు తెచ్చుకున్నారు. ఒళ్ళో ఫోను, చెవిలో ఇయర్‌ఫోన్. అందరిలో చిన్నది అలీనా, తన ఫోనును చట్రం కర్రకు ఆనించి నీలమ్మకు చూపబోయింది. దగ్గరగా పెడితే నీలమ్మకు మసక, దూరంగా పెడితే మనుషులు చీమలు. గదిలో ఎవరి సీరియల్ వాళ్ళది. ఒకరు నవ్వితే ఇంకొకరికి ఎందుకో తెలియదు. నీలమ్మ కుర్చీలో కూర్చుని గోడను చూసింది. చాయ్ వచ్చింది, తాగింది. ఆ రోజు చక్కెర గురించి ఏమీ అనలేదు. పని చేయని మనిషికి చాయ్ రుచి గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదని ఆమె లెక్క.

మరుసటి రోజు నుంచి మోకాళ్ళ నొప్పి అని కబురు పంపి ఇంట్లోనే ఉండిపోయింది.

కొడుకు ప్రేమ్‌రాజ్, కోడలు సుజన పొద్దున్నే డ్యూటీలకు పోతారు. ఇంట్లోనూ టీవీ ఉంది, ఆ సీరియల్ అందులోనూ వస్తుంది. నీలమ్మ పెట్టి చూసింది. కాసేపటికి కట్టేసింది. మర్నాడు మళ్ళీ పెట్టింది. సుజన ఆ రోజు తొందరగా ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ లోపల మాటలు విని ఆగింది. అత్త ఒక్కతే గోడకు చెబుతోంది, పెద్దకోడలు మెట్లు దిగుతున్నదని, ముఖం మాడ్చుకున్నదని.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్ అత్తమ్మా?”

నీలమ్మ సిగ్గుపడి టీవీ ఆపేసింది. ఆ తర్వాత ఇంట్లో ఆ సీరియల్ పెట్టలేదు.

అక్కడ మగ్గం దగ్గర సంగతి వేరేగా ముదిరింది. పెళ్ళి దుపట్టా ఒకటి కుడుతున్నారు. సగం తీగ అయ్యాక, ఇక్కడి నుంచి మెరుపు జరీ ఆపి పాత బంగారు రంగు జరీ వాడమని సుగ్రా వంటింట్లో నుంచి చెప్పింది. చెవుల్లో ఏమీ లేని ఇద్దరు విన్నారు, మార్చారు. మిగతావాళ్ళు తల ఊపుతున్నారంటే విన్నారనే సుగ్రా అనుకుంది. ఊపింది సీరియల్‌కు. బట్ట తిప్పి బిగించేటప్పుడు చూస్తే, అటు పక్క తీగ ముసలిది, ఇటు పక్క తీగ పెళ్ళికూతురు. జరీ విప్పితే బట్టకు చిల్లులు కనబడతాయి, విప్పకపోతే పెళ్ళివాళ్ళు ఊరుకోరు. చివరికి విప్పి, ఆ చిల్లుల మీద పూసలు కుట్టి గండం గట్టెక్కించారు.

ఆ సాయంత్రమే సుగ్రా బురఖా వేసుకుని లాల్‌దర్వాజాకు వచ్చింది. అన్నేళ్ళలో ఆమె నీలమ్మ ఇంటికి శుభానికో అశుభానికో తప్ప రాలేదు. నీలమ్మ భయపడింది.

“ఎవరికేమైంది సుగ్రా?”

“మగ్గానికైంది. రేపటి సంది రా.”

“నాకు మోకాళ్ళు…”

“నీ మోకాళ్ళ సంగతి నాకు తెల్వదా? కుళాయికాడ లొల్లి పెట్టనీకి మస్తు నడుస్తయంట గద.”

నీలమ్మ మోకాళ్ళ మాట వదిలేసి చాప పరిచింది. జరీ కథంతా సుగ్రా చెప్పింది. టీవీ సంగతి కూడా చెప్పింది. ఫర్హాన్ వేలెడంత పరికరం ఒకటి తెచ్చి టీవీ వెనక గుచ్చాడట, పాత తెర మీదే అన్ని యాప్‌లూ వస్తున్నాయట. అంత సులువైతే ముందే ఎందుకు తేలేదని నీలమ్మ అడిగింది. ఫోన్లుంటే చాలనుకున్నానని సుగ్రా ఒప్పుకుంది.

“నువ్వు చెప్తుంటే అందరి చెవులు ఒక్క దిక్కుంటయి అక్కా. నా మాట గూడ అండ్లనే పడ్తది. టీవీ కోసం నిన్ను పిలుస్తలేను. నీ కోసమే టీవీ మంచిగ చేయించిన.”

నీలమ్మ లేచి చాయ్ పెట్టింది. దోసెడు చక్కెర వేసింది. సుగ్రా మారుమాట లేకుండా తాగింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఫోన్లన్నీ గూట్లో ఉన్నాయి. టీవీ పెట్టారు. నీలమ్మ ఆపిన చోటు నుంచే, పాత భాగాలే మొదలుపెట్టారు. మధ్యలో ఏమైందో తమకూ తెలియదని, ఫోన్లలో వేరే సీరియళ్ళే చూశామని ఆరుగురూ ఒక్క మాటగా చెప్పారు. నీలమ్మ నమ్మింది. కాళ్ళు చాపి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదట గొంతు కాస్త తడబడింది, తర్వాత పాత దారిలో పడింది. అత్తను తిట్టింది, పెద్దకోడలిని వెనకేసుకొచ్చింది.

తెర మీద చిన్నకోడలు బాల్కనీలో నిలబడి ఫోన్ ఎత్తింది. అవతల ఎవరో, ఏం చెప్పారో ఇంకా తెలియదు. అప్పటికే అలీనా ముక్కు చీదింది. ఆమె పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది.

నీలమ్మ తెర వైపు నుంచి కళ్ళు తిప్పి ఆరుగురినీ చూసింది. అందరూ బుద్ధిగా బట్ట మీదికి వంగి ఉన్నారు, మరీ బుద్ధిగా. ఏడవాల్సిన వార్త రాకముందే ఏడ్చిన పిల్ల, చున్నీతో కళ్ళు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు అడిగింది.

“ఫోన్ల ఏం చెప్పిన్రు నీలమ్మ ఖాలా?”

నీలమ్మ నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసింది.

“ఆగు పిల్లా, తొందరేంది. చెప్త గద,” అని, తెర వైపు తిరిగి, ఒక్కొక్క మాటనూ నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది.