అల్ ఫహీదీలో నీలిరంగు ముఖం

మా అమ్మాయి సునీత దుబాయ్‌లో డేరా అనే పేటలో నర్సు. నైట్ డ్యూటీ దిగి స్టాఫ్ బస్సులో నిద్రపోతుంటే, సిగ్నల్ దగ్గర కిటికీలోంచి ఎవరో అమెరికా చిత్రకారుడు ఫోటో తీశాడట. ముఖానికి నీలిరంగు పూసి ప్రదర్శనలో పెట్టాడని, నేను ఊరినుంచి దాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు దాని తోటి నర్సు ఫోనులో చూపించింది. ఇక నాకు ముద్ద దిగలేదు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే. అయినా నిద్రపోయేవాళ్ళ ముఖానికి రంగు పూస్తే, బయట తిరిగే ప్రాణం తిరిగొచ్చి గుర్తుపట్టదని మా అమ్మ చెప్పిన మాట మనసులోంచి పోదు కదా.

శనివారం దానికి సెలవు. తొమ్మిదింటికి మెట్రో ఎక్కి, బర్ దుబాయ్‌లో దిగి, అల్ ఫహీదీ పాత సందుల్లోకి నడిచాం. ఇసుకరంగు గోడలు, పైన ఇళ్ళలోకి గాలి దింపే గోపురాలు, ఎక్కడా అలికిడి లేదు. నేలమీద కాలు ఆనుతోందా అనిపించింది. ప్రదర్శనకు టికెట్టు లేదు. అక్కడ పనిచేసే మలయాళీ అమ్మాయి హిందీలో ఆ చిత్రకారుడి కథ చెబితే, సునీత నాకు తెలుగులో చెప్పింది. మొదట కొట్లకు బోర్డులు రాసేవాడట. తర్వాత పత్రికకు ఫోటోలు తీశాడు. ఆపైన రైళ్ళలో నిద్రపోయేవాళ్ళను అడక్కుండా తీసి, ఫోటో మీద అద్దం బిగించి, అద్దం మీద రంగులు వేశాడు. కొందరు గొప్పవాడన్నారు, కొందరు దొంగన్నారు. ఒకసారి ఆయన తీసిన మనిషి నిద్రలో లేడు, చనిపోయి ఉన్నాడు. భార్య కోర్టుకెక్కింది. అప్పటినుంచి ప్రతి బొమ్మ కింద నీళ్ళగిన్నె, గుడ్డ పెడుతున్నాడు. ఇష్టం లేనివాళ్ళు తమ బొమ్మ చెరిపేసుకోవచ్చు.

చనిపోయిన మనిషి మాట వినగానే సునీత చెయ్యి పట్టుకున్నాను.

సునీత బొమ్మ లోపలి గదిలో ఉంది. నీళ్ళ అడుగున పడుకున్నట్టుంది పిల్ల. అందంగానే ఉంది.

"ఉండనీ అమ్మా. జన్మలో నాకింత మేకప్ ఎవరు వేశారు?"

"నోర్ముయ్. చెరిపెయ్."

"బొమ్మలో ఉన్న మనిషి ఒప్పుకోవాలి అమ్మాజీ" అంది ఆ అమ్మాయి.

సునీత అప్పటికే గుడ్డ పట్టుకున్న నా చేతులకేసి చూసింది. "ఖలాస్, ఇక చాలు. నువ్వే తుడుచుకో."

తుడిచాను. నీలం కారిపోయి, తెరిచిన నోరు, కళ్ళకింద నల్లటి గుంటలు బయటపడ్డాయి. రోజూ వీడియోకాల్లో నవ్వే ముఖం కాదది. కన్నదాన్ని, నేనెన్నడూ చూడలేదు.

"చూశావా, రంగే నయం" అంది సునీత మెల్లగా.

తిరుగుదారిలో డేరా ఒడ్డుకు దాటించే అబ్రా పడవెక్కాం. నీళ్ళ ఊపుకి సునీత నా భుజం మీద నిద్రపోయింది. ఒడ్డు రాగానే పడవవాడు దిగమంటూ "ఉతరో అమ్మాజీ" అన్నాడు. నేను కదల్లేదు. ఇంకో రెండు దిర్హాములు చేతిలో పెట్టి, వెనక్కి పొమ్మని సైగ చేశాను.

ఆ చిత్రకారుడు దొంగో, గొప్పవాడో తేల్చే చదువు నాకు లేదు. తిట్టాలని వెళ్ళి, తిట్టకుండా వచ్చాను. నీళ్ళ మీద అలా ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగామో తెలియదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: అబ్రాకు మనిషికి ఒక దిర్హామే, కానీ పడవలో చిల్లర దొరకదు. నాలుగు నాణేలు ఎక్కువే ఉంచుకోండి.